వాగ్దానం కార్డు నిజం కాలేదని బైబిల్ మూసేసిన తమ్ముడికి

ఈ వారం ఒక తమ్ముడి ఉత్తరం. పేరు వెయ్యొద్దన్నాడు, ఊరు కూడా వద్దన్నాడు, ప్రకాశం జిల్లా అని మాత్రం చెప్పుకోమన్నాడు. ఉత్తరం చాలా పెద్దది, మొత్తం ఇక్కడ పెట్టలేను కాబట్టి సంగతి నా మాటల్లో చెప్తాను.

వయసు 25. నాన్న చిన్నప్పుడే పోయారంట. అమ్మ అంగన్‌వాడీలో ఆయాగా చేస్తూ చదివించింది, ఇంట్లో నాయనమ్మ కూడా ఉంది. చిన్నప్పట్నుంచి సండే స్కూలు, వేసవి సెలవుల్లో పిల్లల బైబిల్ క్లాసులు (వీబీఎస్), కంఠత వాక్యాల పోటీల్లో ఎప్పుడూ ఫస్టే. బీటెక్ అయ్యాక హైదరాబాద్ వచ్చి ఒక కంపెనీలో చేరాడు. పోయిన డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో అందరిలాగే వాగ్దానం కార్డు (కొత్త సంవత్సరానికి దేవుడిచ్చే మాట అని ఒక వాక్యం రాసి ఇచ్చే కార్డు) తీసుకుంటే యిర్మీయా 29:11 వచ్చింది, "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అనే వాక్యం. అమ్మ ఫోన్లో ఏడ్చేసిందంట, ఈ సంవత్సరం నీకు మంచి జరగబోతుంది నాయనా అని. ఫిబ్రవరిలో ప్రాజెక్ట్ అయిపోయిందని చెప్పి కంపెనీ వాళ్ళే రిజైన్ చెయ్యమన్నారు. ఐదు నెలలు ఖాళీగా ఉండి, ఇప్పుడు తక్కువ జీతానికి నైట్ షిఫ్ట్ సపోర్ట్ జాబ్ చేస్తున్నాడు. అమీర్‌పేటలో నలుగురు షేరింగ్ హాస్టల్ రూము.

ఖాళీగా ఉన్న రోజుల్లోనే ఏడాదిలో బైబిల్ మొత్తం చదివే ప్లాన్ ఒకటి ఫోన్లో మొదలుపెట్టాడు. ఆదికాండం, నిర్గమకాండం బాగానే నడిచాయి, లేవీయకాండం దగ్గర ఆగిపోయాడు. ఇన్ని రోజులు మిస్ అయ్యావు అని ఫోన్ చూపిస్తుంటే ఇంకా భయమేసి తెరవడమే మానేశాడు. రోజూ డ్యూటీకి బయల్దేరే ముందు అమ్మ ఫోన్ చేసి "వాక్యం చదువుకున్నావా నాయనా" అని అడిగితే "ఆ, చదివానమ్మా" అంటాడంట. నెలల తరబడి అదే అబద్ధం. యూత్ ఫెలోషిప్‌లో ఒక లీడర్‌కి విషయం చెప్పుకుంటే, నీ ధ్యాన జీవితం సరిగా లేదు, అందుకే దేవుడు నీ ఉద్యోగం తీసేశాడు అన్నాడు. ఇదంతా తెలియని పాస్టర్ గారేమో, ఆదివారం టీనేజ్ పిల్లల క్లాసుకి టీచర్ లేరు, నువ్వు తీసుకో అంటున్నారు. వచ్చే నెల్లోపు చెప్పాలి.

చివర్లో ఇలా అడిగాడు: "అక్కా, నేను విశ్వాసంలో వెనక్కి పోయానా? బైబిల్ మీద మళ్ళీ ఆశ ఎలా పుడుతుంది? అమ్మకి నిజం చెప్పాలా? క్లాసు ఒప్పుకోమంటావా?"

తమ్ముడూ, నీ ఉత్తరం చదవగానే నాకు మొట్టమొదట అనిపించింది ఏంటంటే, విశ్వాసం పోయినవాడు ఇంత పెద్ద ఉత్తరం రాయడు. పోయినవాడికి ఇది బాధగా ఉండదు కదా, పట్టించుకోడు, ఆదివారం పడుకుని లేస్తాడు అంతే. నీకు రాత్రీ పగలూ ఇదే ఆలోచన, ఇదే దిగులు. 119వ కీర్తన నీకు చిన్నప్పుడు ముక్కలు ముక్కలుగా కంఠతా వచ్చే ఉంటుంది, "నీ వాక్యము నా పాదములకు దీపమును" అనేది, "యౌవనస్థులు దేనిచేత తమ నడత శుద్ధిపరచుకొందురు?" అనేది రెండూ అందులోవే. మొత్తం బైబిల్లో అతి పెద్ద కీర్తన, 176 వచనాలు, దాదాపు ప్రతి వచనంలోనూ దేవుని వాక్యం మీద ప్రేమే. ఇప్పుడు ఒకసారి దాని ఆఖరి వచనం తీసి చూడు. "తప్పిపోయిన గొఱ్ఱెవలె నేను త్రోవ విడిచి తిరిగితిని" అని ఉంటుంది, నీ సేవకుణ్ణి వెదికి పట్టుకో అని అడుగుతాడు. 175 వచనాలు వాక్యాన్ని ప్రేమిస్తున్నా ప్రేమిస్తున్నా అని రాసిన మనిషి చివరికి చెప్పిన మాట అది. వాక్యం మీద ప్రేమ, దారి తప్పానన్న బాధ రెండూ ఒక్క మనిషిలో కలిసే ఉండొచ్చని అక్కడే ఉంది, కాబట్టి నువ్వు వెనక్కి పోయావా లేదా అని నీకు నువ్వే తీర్పు రాసుకోకు ఇప్పుడే.

సరే, అసలు ముడి ఎక్కడ పడిందో చూద్దాం. నువ్వు లేవీయకాండం దగ్గర ఆగిపోయాను అంటున్నావు కానీ నాకైతే నువ్వు యిర్మీయా 29:11 దగ్గరే ఆగిపోయావనిపిస్తుంది. దేవుడు ఒక మాట ఇచ్చాడు, రెండు నెలలు తిరక్కుండానే దానికి వ్యతిరేకంగా జరిగింది, ఆయన్ని అడగడానికి నీకు ధైర్యం చాల్లేదు, ఎందుకంటే అడిగితే అవిశ్వాసం అంటారని మనకి చిన్నప్పట్నుంచీ భయం. లోపల ఆ ప్రశ్న అలా పెట్టుకుని ఎన్ని ప్లాన్లు మొదలుపెట్టినా ముందుకు సాగవు. అందుకని ముందు ఆ అధ్యాయానికే వెళ్దాం.

అది ఒక ఉత్తరం తమ్ముడూ. యెరూషలేములో ఉన్న యిర్మీయా ప్రవక్త, బబులోనుకి చెరపట్టి తీసుకెళ్ళిన వాళ్ళకి రాసి పంపిన ఉత్తరం. ఊరు పోయింది, ఇల్లు పోయింది, దేవాలయానికి దూరమయ్యారు, భాష తెలియని దేశం. వాళ్ళ గురించి యెరూషలేములో ఇంకో ప్రవక్త ఒక మంచి మాట చెప్పాడు, 28వ అధ్యాయంలో ఉంటుంది, హనన్యా అని. రెండేళ్ళలో అంతా అయిపోతుంది, అందరూ తిరిగొచ్చేస్తారు అన్నాడు. ఎవరికి నచ్చదు చెప్పు ఆ మాట! కానీ యెహోవా నిన్ను పంపలేదు, నువ్వు ఈ ప్రజల్ని అబద్ధం నమ్మేలా చేస్తున్నావు అని యిర్మీయా అతనికి మొహం మీదే చెప్పాడు, ఆ సంవత్సరమే హనన్యా చచ్చిపోయాడు కూడా. ఆ తర్వాత 29వ అధ్యాయంలో యిర్మీయా ఉత్తరం. అందులో ఏముంది? ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పెళ్ళిళ్ళు చేసుకోండి, మిమ్మల్ని చెరపట్టి తీసుకెళ్ళిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థన చెయ్యండి అని. 10వ వచనంలో లెక్క కూడా చెప్పాడు, డెబ్బై సంవత్సరాలు. ఆ వెంటనే వస్తుంది నీ కార్డు మీది 11వ వచనం.

ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్ళలో చాలామంది ఆ డెబ్బై ఏళ్ళు బతికుండరు. అయినా అది దేవుడు ఇచ్చిన మాటే, నెరవేరిన మాటే. వాళ్ళు అనుకున్న టైముకి, వాళ్ళు అనుకున్నట్టు జరగలేదు. ఒక జనానికి చెర మధ్యలో ఇచ్చిన మాటని మనం కత్తిరించి, ఒక్కొక్కరికి ఒక్కో సంవత్సరానికి అని కార్డు మీద వేసి పంచాం. ఆ కార్డులు ఇచ్చేవాళ్ళ మనసు మంచిదే, నేను తప్పు పట్టట్లేదు, మా ఇంట్లో కూడా ఫ్రిజ్ మీద ఉంటాయి. కానీ ఆ కార్డు చూసి ఈ ఏడాది నీ ఉద్యోగానికి ఢోకా లేదు అని ఎవరైనా చెప్తే అది హనన్యా చెప్పిన మాట అవుతుంది. యిర్మీయా అయితే, ఊరు కాని ఊళ్ళో ఉన్నావు, ఇష్టం లేని చోట ఉన్నావు, అక్కడే పని చేసుకో, ఆ చోటు బాగు కోరుకో, నేను నిన్ను మర్చిపోలేదు అంటాడు. అమీర్‌పేట హాస్టల్లో నైట్ షిఫ్ట్ చేసుకుంటున్న నీకు ఈ రెండింట్లో ఏది దగ్గరగా ఉందో నువ్వే చూసుకో.

ఇంకో మాట. ఆ చెరలోకి వెళ్ళినవాళ్ళలో దానియేలు కూడా ఉన్నాడు, కుర్రతనంలోనే తీసుకెళ్ళారు. దానియేలు 9వ అధ్యాయం తియ్యి. అప్పటికి ముసలాడు, రాజులు మారిపోయారు, రాజ్యమే మారిపోయింది. ఆ వయసులో కూర్చుని యిర్మీయా రాసింది చదువుతున్నాడు, డెబ్బై సంవత్సరాలు అన్న ఆ మాటే చదువుతున్నాడు, చదివి ఉపవాసం ఉండి ప్రార్థన చేశాడు. నువ్వు కార్డు మీద చూసిన ఆ ఉత్తరాన్నే ఒక మనిషి జీవితమంతా పట్టుకున్నాడు. నాకు వాక్య ధ్యానం అనగానే ఆ ముసలాయనే గుర్తొస్తాడు.

మీ ఫెలోషిప్ లీడర్ అన్న మాట గురించి ఎక్కువ రాయను. ఏ తప్పూ చెయ్యకుండానే అన్నీ పోగొట్టుకున్న యోబుతో అతని స్నేహితులు కూడా అదే అన్నారు, నువ్వేదో చేసుంటావు అందుకే ఇలా అయింది అని, పుస్తకం చివర్లో దేవుడు వాళ్ళ మీద కోప్పడ్డాడు, వీళ్ళు నా గురించి సరిగ్గా మాట్లాడలేదు అని. ఆ మాట నీ మీద నుంచి దించేసుకో. అతనితో గొడవేం పెట్టుకోవద్దు, కానీ నీ మనసులో సంగతులు చెప్పుకోవడానికి ఇంకొకరిని చూసుకో.

ఇప్పుడు చదవడం గురించి. నీ ముందు నాకు కనిపించే దారులు చెప్తాను, ఏ దారిలో ఏం వస్తుందో ఏం పోతుందో కూడా చెప్తాను, నీ షిఫ్టు, నీ రూము, నీ ఒళ్ళు నీకే తెలుసు కాబట్టి ఎంచుకోవాల్సింది నువ్వే.

ఒకటి, ఆ ఏడాది ప్లాన్‌నే మళ్ళీ పట్టుకోవడం. బైబిల్లో 1189 అధ్యాయాలు, ఏడాదిలో అవ్వాలంటే రోజుకి మూడు పైనే చదవాలి. మొత్తం కథ ఒక్క వరసలో కళ్ళ ముందుకొస్తుంది, అది చాలా గొప్ప మేలు, నేను వద్దనను. కానీ నీకు ప్రస్తుతం అది ఈఎంఐ లాగా అయిపోయింది, ఒక నెల తప్పితే వడ్డీ, రెండు నెలలు తప్పితే ఫోన్ ఎత్తాలంటే భయం. దేవుడు నీ దగ్గర బాకీ వసూలు చెయ్యడానికి కూర్చోలేదు. నువ్వు ప్లాన్‌కే వెళ్ళాలనుకుంటే ఆ మిస్ అయిన రోజులన్నీ చెరిపేసి, తేదీలు లేకుండా మొదలుపెట్టు, రెండేళ్ళు పట్టినా మూడేళ్ళు పట్టినా పర్లేదు అనుకో. అలా అనుకోలేకపోతే మాత్రం ఇప్పుడు దాని జోలికి వెళ్ళకు, మళ్ళీ ఆగితే ఇంకా కుంగిపోతావు.

రెండోది, యేసు జీవితం చెప్పే నాలుగు సువార్తల్లో ఒక్కటి పట్టుకుని మెల్లగా నడవడం. నేనైతే మార్కు అంటాను, నాలుగింట్లో చిన్నది, 16 అధ్యాయాలే. రోజుకి ఒక్క సంఘటన చాలు. అది రెండుసార్లు చదువు, ఒకసారి మనసులో, ఒకసారి పెదవులు కదిలిస్తూ. ఆ సంఘటనలో ఎవరు ఏం అడిగారో చూడు. 4వ అధ్యాయంలో తుపాను వస్తుంది, పడవ నీళ్ళతో నిండిపోతుంది, యేసు పడవ వెనక తలగడ మీద నిద్రపోతున్నాడు, శిష్యులు లేపి "బోధకుడా, మేము నశించిపోవుచున్నాము, నీకు చింతలేదా?" అంటారు. నీ ఉత్తరంలో ఉన్నది కూడా ఈ ప్రశ్నే తమ్ముడూ, నువ్వు మర్యాదగా రాశావు అంతే. 9వ అధ్యాయంలో ఒక తండ్రి "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని కేకేస్తాడు, ఆయన ఆ సగం విశ్వాసాన్నే తీసుకుని వాళ్ళ పిల్లాణ్ణి బాగు చేశాడు, ముందు పూర్తిగా నమ్మి రా అనలేదు. ఈ దారిలో పోయేదేంటంటే, పాత నిబంధన చాలాకాలం పక్కనే ఉండిపోతుంది, వెడల్పు తగ్గుతుంది. వచ్చేదేంటంటే, యేసు మనిషిగా ఎలా మాట్లాడేవాడో, ఎవరి మీద కోప్పడ్డాడో, ఎవరి ముందు ఆగాడో నీకు దగ్గర్నుంచి తెలుస్తుంది. ఎండిపోయిన స్థితిలో ఉన్నవాడికి ముందు అదే కావాలని నా ఉద్దేశం.

మూడోది వినడం. నైట్ షిఫ్ట్ చేసేవాడికి పొద్దున్నే ఐదింటికి లేచి ధ్యానం చెయ్యమని చెప్పడం అన్యాయం, ఆ టైముకి నువ్వు ఇంకా ఆఫీసు క్యాబ్‌లో ఉంటావు. ఆ క్యాబ్‌లోనే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని తెలుగు ఆడియో బైబిల్ విను. ఇది తక్కువ రకం భక్తి అనుకోకు. మీ జిల్లా సంగతే చెప్తాను, 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారి కాలంలో, ఒక్కరోజే 2222 మందికి బాప్తిస్మం ఇచ్చారు, గుండ్లకమ్మ ఒడ్డున. పెద్ద కరువు అయిపోయి అప్పుడే తేరుకుంటున్న రోజులు. వాళ్ళలో ఎక్కువమంది కూలి పనులు చేసుకునే మాదిగ కుటుంబాలవాళ్ళు, చదువు అనేది వాళ్ళ గడప తొక్కనివ్వని కాలం అది. వాళ్ళకి వాక్యం ఎలా అందింది? పల్లె పల్లెకి తిరిగే బోధకులు చెప్తే విన్నారు, విన్నది ఇంకొకరికి చెప్పారు, పాటగా పాడుకున్నారు. మీ నాయనమ్మకి చదవడం రాదు కానీ కీర్తనలు చెప్తుంది అని రాశావు చూడు, ఆ వరస అక్కణ్ణుంచి వచ్చిందే. "వినుటవలన విశ్వాసము కలుగును" అని రోమా పత్రికలోనే ఉంది కదా. వినడంలో చిక్కేంటంటే నిద్రమత్తులో సగం పోతుంది, అందుకని రోజుకో కొత్త అధ్యాయం అని పరుగెత్తకుండా వారమంతా ఒకటే అధ్యాయం పెట్టుకో. గురువారానికి అది నీకే నోటికొచ్చేస్తుంది, చిన్నప్పుడు పోటీల్లో ఫస్ట్ వచ్చినవాడివి కదా.

రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్ళ కోసమే రాసినట్టుండే కీర్తన ఒకటుంది, 134వది, మూడే వచనాలు, యెహోవా మందిరంలో రాత్రి నిలబడేవాళ్ళని ఉద్దేశించి. టీ బ్రేక్‌లో చదవడానికి అది చాలు. ఇంకా బరువుగా ఉన్న రాత్రి 13వ కీర్తన చదువు, ఆరు వచనాలు, "ఎంతవరకు" అని దేవుణ్ణి మళ్ళీ మళ్ళీ అడుగుతాడు దావీదు. నువ్వు అడగడానికి భయపడ్డ మాటల్ని దేవుడే తన పుస్తకంలో రాయించి పెట్టాడు, వాటినే నీ ప్రార్థనగా చదువుకో, సొంత మాటలు రాకపోయినా.

ఏ దారి ఎంచుకున్నా ఒక్కటి మాత్రం చెయ్యమంటాను, వంద రెండొందలు పెట్టి చిన్న కాగితం బైబిల్ కొనుక్కో. ఫోన్లో మార్కు తెరుస్తావు, పైన వాట్సాప్ మెసేజ్ దిగుతుంది, అది చూసి వచ్చేలోపు నాలుగు రీల్స్ అయిపోతాయి, ఇంక మనసు ఎక్కడిది? పాత అనువాదం గ్రాంథికంగా ఉండి తలకెక్కట్లేదు అనిపిస్తే వాడుక భాషలో వచ్చిన అనువాదాలు ఉన్నాయి, అవి పక్కన పెట్టుకో, తప్పేం లేదు. నీకు నోటికొచ్చిన వాక్యాలన్నీ పాత దాంట్లోవే కాబట్టి దాన్ని మాత్రం వదలకు.

యూట్యూబ్ ప్రసంగాలు రోజుకి రెండు మూడు వింటాను, అవి విన్నాక చదవాలనిపించదు అని కూడా రాశావు. అది చాలామందికి అవుతుంది. వేరేవాళ్ళు నమిలి పెట్టింది తింటే కడుపు నిండినట్టే ఉంటుంది మరి. బెరయ అనే ఊరివాళ్ళు అపొస్తలుడైన పౌలు లాంటి మనిషి చెప్పినా సరే, ఇది ఇలాగే ఉందా లేదా అని రోజూ లేఖనాలు తీసి చూసుకునేవాళ్ళంట, అపొస్తలుల కార్యములు 17లో లూకా వాళ్ళని మెచ్చుకుని రాశాడు. ఒక ప్రసంగం వింటే ఆ అధ్యాయం నువ్వే తీసి ముందూ వెనకా చదువు. సాతాను కూడా దేవాలయ శిఖరం మీద 91వ కీర్తన నుంచే మాట ఎత్తి చెప్పాడు యేసుతో. ఆయన ఇంకో లేఖనంతో జవాబు చెప్పాడు. మొత్తం తెలిసినవాణ్ణి ఒక్క ముక్కతో పడగొట్టలేరు, నిన్ను ఒక్క కార్డు ఇంత కుదిపేసిందంటే కారణం అదే, నీకు ముక్కలు చాలా వచ్చు, అవి ఏ ఉత్తరంలోవో, ఏ కథలోవో ఎవరూ నీతో కూర్చుని చెప్పలేదు. అది నీ తప్పు కాదు, మన సండే స్కూళ్ళలో మనం నేర్పించే పద్ధతే అలా ఉంది.

లేవీయకాండం గురించి కూడా ఒక మాట చెప్పాలి, దాన్ని పగవాడిలా చూస్తున్నావు కాబట్టి. దాన్ని ఇప్పుడు మొత్తం చదవద్దు, 19వ అధ్యాయం ఒక్కటే తియ్యి. "నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను" అని యేసు చెప్పిన మాట అక్కడిదే. దానికి కొంచెం పైన, 9, 10 వచనాల్లో, పొలం కోసేటప్పుడు అంచులదాకా కొయ్యొద్దు, పరిగె ఏరుకోవద్దు, బీదవాళ్ళకీ పరదేశులకీ వదిలెయ్యండి అని ఉంటుంది. కోతలయ్యాక మడుల్లో వంగి వంగి వెన్ను వెన్ను ఏరి కొంగులో వేసుకునే ఆడవాళ్ళని మీ ఊళ్ళో చూసే ఉంటావు, నాయనమ్మని అడిగితే తనూ ఏరానని చెప్తుందేమో. ఇప్పుడు రూతు 2వ అధ్యాయం తియ్యి. పరాయి దేశం పిల్ల, మొగుడు పోయాడు, అత్తకి తిండి పెట్టాలి, బోయజు పొలంలో పరిగె ఏరుకోవడానికి వెళ్ళింది. లేవీయకాండంలో ఆ రెండు వచనాలు లేకపోతే రూతు ఆ పొలంలో అడుగు పెట్టేదే కాదు. ఆ రూతు మునిమనవడే దావీదు, ఆ వంశంలోనే యేసు. మనకి విసుగ్గా అనిపించిన పుస్తకంలో రెండు వచనాలు ఇద్దరు విధవరాళ్ళకి అన్నం పెట్టాయి. నాకు ఈ సంగతి ఎప్పుడు తలుచుకున్నా ఒళ్ళు పులకరిస్తుంది.

అమ్మ విషయం. చెప్పకుండా ఉండొచ్చు, ఇవాళ్టి నుంచి నిజంగా చదవడం మొదలుపెట్టి, పాతది అలా వదిలెయ్యొచ్చు. అమ్మకి బాధ ఉండదు. కానీ నీకు ఆ అబద్ధం గొంతులో ముల్లులా ఉండిపోతుంది, బైబిల్ తెరిచిన ప్రతిసారీ అదే ముందు గుర్తొస్తుంది. చెప్తే ఏమవుతుంది? ఏడుస్తుంది, రెండు మూడు రోజులు ఉపవాసం కూడా ఉంటుందేమో, పక్కింటి సిస్టర్‌కి చెప్పి ప్రార్థన చెయ్యమంటుంది, అది నీకు కాస్త ఇబ్బందే. అయినా నాయన లేకుండా నిన్ను ఇంతదాకా తెచ్చిన మనిషి ఆవిడ, కొడుకు తడబడ్డాడని తెలిస్తే పడిపోదు.

నాకు తోచిన ఇంకో పద్ధతి చెప్తాను. రోజూ రాత్రి అమ్మ నాయనమ్మకి బైబిల్ చదివి వినిపిస్తుంది అని రాశావు కదా. ఆ ఫోన్ చేసే టైముకే స్పీకర్ పెట్టమను, "అమ్మా, కొన్నాళ్ళుగా నాకు చదవబుద్ధి కావట్లేదు, చదివానని అబద్ధం చెప్పాను, ఇకనుంచి మీ ఇద్దరితో పాటు నేనూ వింటాను, చదివి పెట్టు" అని అడుగు. పది వచనాలు, ఐదు నిమిషాలు. ఇంక చదివావా అని అడిగే పనే ఉండదు, నువ్వు దాచే పనీ ఉండదు. పౌలు శిష్యుడు తిమోతికి విశ్వాసం వచ్చింది కూడా ఇలాగే, అవ్వ లోయి, తల్లి యునీకే, ఇద్దరు ఆడవాళ్ళ దగ్గర్నుంచి, పౌలు పేర్లు పెట్టి మరీ రాశాడు. వాళ్ళ నాన్న గ్రీసు దేశస్థుడు. ఆ రెండో తిమోతి పత్రిక కూడా మీ ముగ్గురూ కలిసి వినొచ్చు, నాలుగు అధ్యాయాలే. అమ్మ షాక్ అయ్యి రెండు మాటలు అంటే అననీ, మర్నాడు మాత్రం మానకుండా ఫోన్ చెయ్యి.

మధ్యలో ఇది కూడా చెప్పాలి. నిద్ర లేదు, ఆకలి లేదు, ఏది చేసినా రుచి లేదు అని ఉత్తరంలో ఒకచోట రాశావు. అది అంతా ఆత్మీయ సమస్యే అని నేను అనుకోను. ఏలీయా ప్రవక్త ఇంక చచ్చిపోతాను అని చెట్టు కింద పడిపోతే దేవదూత వచ్చి ముందు రొట్టె పెట్టాడు, నీళ్ళిచ్చాడు, నిద్రపోనిచ్చాడు, మళ్ళీ లేపి మళ్ళీ పెట్టాడు, మాటలన్నీ తర్వాతే. పగలు గదిలో కిటికీకి మందం గుడ్డ కట్టుకుని సరిగ్గా పడుకో, వేళకి తిను. రెండు మూడు వారాలైనా అలాగే ఉంటే డాక్టర్‌కి చూపించుకో, అది విశ్వాసం లేకపోవడం కిందికి రాదు. ఏలీయాలా చచ్చిపోవాలనే ఆలోచన ఎప్పుడైనా వస్తే మాత్రం వారాలు చూడకు, ఆ రోజే ఎవరికైనా చెప్పి డాక్టర్ దగ్గరికి వెళ్ళు.

ఇంక పిల్లల క్లాసు. ఒప్పుకుని, ఏమీ చెప్పకుండా మొదలుపెడితే కొన్నాళ్ళు బాగానే నడుస్తుంది, బాధ్యత వల్ల చదవడం కూడా అలవాటవుతుంది, చాలామంది అలా బలపడ్డారు. కానీ నీకున్న భయం ఏంటంటే నేను వేషం వేస్తున్నానా అని, అది పెరుగుతుంది, టీనేజ్ పిల్లలు ఇట్టే పట్టేస్తారు కూడా. వద్దని చెప్తే ఊపిరి పీల్చుకుంటావు, నీకు తీరిక దొరుకుతుంది, మరీ అలసిపోయి ఉంటే అదే సరైంది, దానికి సిగ్గుపడక్కర్లేదు. కాకపోతే ఖాళీ దొరికిన ఆదివారాలు మెల్లగా చర్చికే వెళ్ళకుండా పోతాయేమో చూసుకోవాలి. మధ్యలో ఒకటుంది, పాస్టర్ గారి దగ్గర పది నిమిషాలు కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పడం, "అయ్యగారూ, నా పరిస్థితి ఇది, ఒక్కణ్ణే క్లాసు తీసుకోలేను, ఎవరైనా పెద్దవాళ్ళు ఉంటే పక్కన ఉండి నెల రోజులు చేస్తాను, తర్వాత చూద్దాం" అని. ఆయన ఎలా తీసుకుంటారో నేను చెప్పలేను. అర్థం చేసుకుంటే నీకు ఆ లీడర్ బదులు ఒక మంచి పెద్దదిక్కు దొరికినట్టే. అర్థం చేసుకోకుండా కసురుకుంటే, క్లాసు వద్దని చెప్పడానికి నీకు కారణం దొరికినట్టే, రెండు రకాలుగానూ నీకు స్పష్టత వస్తుంది.

నెల రోజులు చేస్తానంటే మాత్రం రూతు పెట్టుకో, నాలుగు అధ్యాయాలు, నాలుగు ఆదివారాలు. పౌలు తిమోతికి చదవడంలోనూ బోధించడంలోనూ జాగ్రత్తగా ఉండమన్నాడు, చదవడం ముందు చెప్పాడు. కాబట్టి ప్రసంగం తయారు చేసుకోకు, పిల్లల చేత వంతులవారీగా పైకి చదివించు, మధ్యలో ఆపి ప్రశ్న అడుగు, అంతే. మొదటి వారం 1వ అధ్యాయం చివర్లో నయోమి మొగుణ్ణీ ఇద్దరు కొడుకుల్నీ పోగొట్టుకుని బేత్లెహేముకి తిరిగొచ్చి, నన్ను నయోమి అనొద్దు, మారా అనండి, సర్వశక్తుడు నాకు చాలా దుఃఖం కలగజేశాడు అంటుంది. ఊళ్ళో ఎవరూ ఆమెని గద్దించలేదు, దేవుడూ గద్దించలేదు. ఎందుకు గద్దించలేదో పిల్లల్ని అడుగు, వాళ్ళు చెప్పేది విను, నీకేమనిపిస్తుందో నువ్వూ చెప్పు.